మౌనంగా వెలిగిన దీపం – సర్ జార్జి గేబ్రియల్ స్టోక్స్

చలిజ్వరానికి వాడే క్వినైన్ మాత్రను నూరి నీటిలో కలిపి, రెండు చుక్కల సజల గంధకికామ్లం చేర్చి, గాజుగ్లాసులో పోసి ఎండ పడే కిటికీలో ఉంచి చూడండి. గ్లాసు గుండా ఆవలివైపునకు చూస్తే అది నిర్మలమైన మంచినీరే. కాని ఎండ తగిలే అంచును కొంచెం ప్రక్కనుండి పరికిస్తే, అక్కడ పలుచని నీలికాంతి పొర ఒకటి నిలిచి ఉంటుంది. నీటికి రంగు లేదు. ఎండకూ నీలివన్నె లేదు. మరి ఆ నీలిమ ఎక్కడనుండి వచ్చినది? రసాయన ప్రయోగశాలలో మేము మొదటిసారి దీనిని చూచినప్పుడు గ్లాసు సరిగా కడుగలేదేమోనని అనుమానించి, మరల కడిగి చూచాము. నీలిమ పోలేదు.

ఈ ప్రశ్నకు 1852లో సమాధానం చెప్పి, ఆ వింత వెలుగునకు నేడు లోకమంతటా వాడుకలో ఉన్న ఫ్లోరెసెన్స్ అనే పేరు పెట్టిన మహనీయుడు సర్ జార్జి గేబ్రియల్ స్టోక్స్. తెలుగు శాస్త్రగ్రంథాలలో దానినే ప్రతిదీప్తి అంటున్నారు. భౌతికశాస్త్రం చదివే మన విద్యార్థులకు స్టోక్స్ అనగానే స్నిగ్ధతా పాఠంలోని ఒక సూత్రం గుర్తుకు వస్తుంది. పరీక్ష అయిన మరునాడు అదీ మరపునకు వస్తుంది. ఆ సూత్రం వెనుక ఒక విలక్షణమైన జీవితం ఉన్నది. దానిని చదివి మేము ముగ్ధులమైన మాట నిజమే గాని, ఒక విషయంలో మాకు కొంత బాధ కూడ కలిగినది. ఆ సంగతి ముందు ముందు విన్నవిస్తాము.

స్టోక్స్ 1819 ఆగస్టు 13న ఐర్లండు దేశంలోని స్లైగో మండలంలో, స్క్రీన్ అనే పల్లెలో జన్మించారు. తండ్రి అచటి చర్చిలో మతాచార్యుడు. ఇంటిలో కడగొట్టు బిడ్డ ఈయనే. అన్నలందరూ తండ్రి బాటనే నడచి మతాచార్యులైనారు. స్టోక్స్‌ను మాత్రం గణితం తనవైపునకు లాగుకొన్నది. డబ్లిన్‌లోనూ, అటుపిమ్మట ఇంగ్లండులోని బ్రిస్టల్‌లోనూ పాఠశాల చదువు ముగించి, 1837లో కేంబ్రిడ్జిలోని పెంబ్రోక్ కళాశాలలో చేరారు. 1841లో గణిత పరీక్షలో విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రథముడుగా ఉత్తీర్ణులైనారు. కళాశాల వెంటనే ఆయనను ఫెలోగా స్వీకరించినది. 1849లో, ముప్పదవ యేట, లూకేసియన్ గణితాచార్య పీఠాన్ని అధిష్ఠించారు. ఒకప్పుడు న్యూటన్ మహాశయుడు కూర్చున్న పీఠమది. గౌరవం ఎంత గొప్పదో జీతం అంత చిన్నది. అందువల్ల లండన్‌లోని గనులశాస్త్ర పాఠశాలలో కూడ ఉపన్యాసాలిచ్చి సంసారం గడుపుకోవలసి వచ్చినది. ఆచార్యపీఠాలను అధిరోహించినవారందరూ సుఖంగా ఉంటారని భావించే మిత్రులు ఈ సంగతి గమనింతురు గాక.

ద్రవముల చలనమును గూర్చి 1845లో ఆయన రచించిన సమీకరణాలు, అంతకు పూర్వమే ఫ్రెంచి ఇంజనీరు నావియే కనుగొన్న వానితో కలిసి ఇద్దరి పేరా ప్రసిద్ధి పొందినవి. స్నిగ్ధత గల ద్రవంలో చిన్న గోళం క్రిందికి దిగునప్పుడు దానిపై పనిచేసే నిరోధమెంతో చెప్పే స్టోక్స్ సూత్రం లోలకాలను గూర్చిన పరిశోధనలో నుండి పుట్టినది. మేఘంలోని సూక్ష్మ నీటి బిందువులు దబ్బున నేలమీద పడక ఆకాశంలో తేలుతూ ఉండుటకు గల కారణాన్ని ఆ సూత్రమే వివరిస్తుంది. రైలు వంతెనల దృఢత్వం పైన కూడ ఆయన కృషి గావించారు. వీనిని గూర్చి పాఠ్యపుస్తకాలు విపులంగానే చెబుతున్నవి గనుక ఇక్కడ ఆగము. మా దృష్టి అంతా ఆ క్వినైన్ గ్లాసు మీదనే ఉన్నది.

ఆ నీలిమను స్టోక్స్ కంటె ముందే చూచినవారున్నారు. 1845లో సర్ జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణపు ఉపరితలాన ఈ వెలుగును గుర్తించి వర్ణించారు. అంతకు ముందే, 1833లో, డేవిడ్ బ్రూస్టర్ ఆకులనుండి తీసిన పచ్చని సారంలోనికి సూర్యకిరణాన్ని పంపగా అది రక్తవర్ణంతో ప్రకాశించుట చూచారు. ఇద్దరూ ఉద్దండులే. కాని లోపలికి పోయిన కాంతి ఏ రంగుదో బయటికి వచ్చిన కాంతి కూడ ఆ రంగుదే అయి ఉండవలెనన్న న్యూటన్ కాలపు విశ్వాసం అందరి మనసులలోనూ బలంగా నాటుకొని ఉన్నది. కిరణం చెదరవచ్చు, చీలవచ్చు, కాని దాని స్వభావం మారదని అనుకొనేవారు.

స్టోక్స్ చేసిన ప్రయోగం వింటే ఇంతేనా అనిపిస్తుంది. చీకటిగదిలోనికి సన్నని సూర్యకిరణాన్ని రప్పించి, పట్టకాల ద్వారా వర్ణపటంగా విడదీశారు. క్వినైన్ ద్రావణం పోసిన పరీక్షనాళికను ఎరుపు రంగులో ఉంచారు. ఏమీ జరుగలేదు. నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం – నాళికను ఒక్కొక్క రంగులోనికి జరుపుతూ పోయారు. కాంతి దాని గుండా దూసికొని పోయినదే గాని ద్రావణం చలించలేదు. ఊదారంగు చివరకు చేరేసరికి నీలిమ తలయెత్తినది. ఊదాను కూడ దాటి, కంటికి చీకటి తప్ప మరేమీ కనిపించని చోట నాళికను నిలిపినప్పుడు, ఆ చీకటిలో క్వినైన్ నీలికాంతితో వెలిగినది! కంటికి అగపడని అతినీలలోహిత కిరణాలను ఆ ద్రావణం తనలోనికి గ్రహించి, కంటికి అగపడే నీలికాంతిగా మార్చి వెలువరించుచున్నదన్నమాట. వెలుపలికి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం లోపలికి పోయిన కాంతి తరంగదైర్ఘ్యం కంటె ఎక్కువగా ఉంటుందని ఆయన సూత్రీకరించారు. ఈ నియమానికి కొన్ని మినహాయింపులు తరువాతి కాలంలో బయటపడినవి. దాని కారణాన్ని కాంతికణ సిద్ధాంతం ద్వారా 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. అప్పటికి స్టోక్స్ మరణించి రెండేండ్లు గడచినవి.

పట్టకాలు లేకుండ కూడ ఈ వింతను చూచుటకు ఆయన ఒక సులభోపాయం పన్నారు. సూర్యకాంతిని ముందు ముదురు నీలిగాజు గుండా పంపవలెను. అది ఊదా, అతినీలలోహిత కిరణాలను మాత్రమే రానిచ్చి తక్కినవానిని అడ్డగిస్తుంది. వస్తువునుండి వచ్చే వెలుగును పసుపుపచ్చని వడపోత గుండా చూడవలెను. అది మొదటి కిరణాలను ఆపివేసి, క్రొత్తగా పుట్టిన కాంతిని మాత్రమే కంటికి చేరనిస్తుంది. రెండు వడపోతలనూ ఒకదాని వెనుక ఒకటి పెట్టి చూస్తే దాదాపు చీకటి. వాటి మధ్య ప్రతిదీప్తి గల పదార్థాన్ని ఉంచగానే వెలుగు. పాఠ్యగ్రంథాలు ఈ ప్రయోగాన్ని చిత్రించునప్పుడు మొదటి వడపోతగా చర్చి కిటికీలోని నీలిగాజునూ, రెండవ వడపోతగా ఒక గ్లాసెడు పసుపువన్నె ద్రాక్షాసవాన్నీ చూపుట ఆనవాయితీ. మద్యం పేరు ఎత్తగానే మా కళాశాల పెద్దలు కొందరు కనుబొమలు ముడువవచ్చును. తాగుటకు కాదు, చూచుటకు మాత్రమేనని వారికి మనవి చేస్తున్నాము. ఈ గ్లాసు కథ ఇంతటితో ముగియలేదు గనుక దానిని ప్రస్తావింపక తప్పలేదు.

ఈ ఉపాయం చేతికి వచ్చిన పిదప స్టోక్స్ కంటబడిన వస్తువునల్లా పరీక్షించారు. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు బెరడు కషాయం, యురేనియం కలిపిన పచ్చగాజు, కాగితం – ఒకటేమిటి! మన వంటింటి పసుపు సారం, మన చేలగట్లపై మొలిచే ఉమ్మెత్త జాతి గింజల సారం కూడ ఆయన పరీక్షానాళికలలోనికి ఎక్కినవి. ప్రతిదానికీ తనదైన వెలుగు ఉన్నది. ఏ కిరణం తగిలితే వెలుగుతుంది, ఏ రంగున వెలుగుతుంది అన్న రెండు లక్షణాలూ కలిసి ఆ పదార్థానికి వ్రేలిముద్ర వంటివి. ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజంలో ఈ గుణం కనిపించును గనుక దాని పేరు మీదనే ఫ్లోరెసెన్స్ అన్న మాటను కల్పించారు. దీర్ఘమైన ఆ పరిశోధన పత్రంలో ఆ మాట మొట్టమొదట కనిపించేది ఒక పాదసూచికలో! తాను పెట్టిన పేరును సైతం పుట అడుగున దాచినవాని స్వభావం ఎట్టిదో చదువరులే ఊహించవచ్చును.

1864లో ఆయన రసాయన శాస్త్రజ్ఞుల సంఘానికి ఒక ఉపన్యాసం సమర్పించారు. సేంద్రియ పదార్థాలను కనిపెట్టుటకు, ఒకదానినుండి మరొకదానిని వేరుగా గుర్తించుటకు కాంతి లక్షణాలను ఎట్లు ఉపయోగించవచ్చునన్నది దాని విషయం. మా అభిప్రాయంలో ఆయన రచనలలో అత్యంత దూరదృష్టి గలది అదే. నాటి రసాయనజ్ఞుడు పదార్థాన్ని కాల్చి, కరగించి, బట్టీపట్టి, దానిని నాశనం చేసిగాని దాని గుట్టు తెలిసికొనలేడు. స్టోక్స్ చూపిన త్రోవలో పదార్థం చెక్కుచెదరదు. వెలుగు చూపి వెలుగు చదువుకొనుటే. ఆ ఏడే ఆయన వర్ణపటదర్శినితో రక్తాన్ని పరీక్షించి, ప్రాణవాయువు కలిసిన రక్తవర్ణకానికి, అది తొలగిన రక్తవర్ణకానికి గల భేదాన్ని నిరూపించారు. ప్రాణవాయువును లాగివేసే రసాయనం కలిపితే రంగు మారుట, గాలితో కలిపి కుదిపితే మరల తొలి రంగు వచ్చుట చూపారు. మన దేహంలో ఎర్రని రక్తం ప్రాణవాయువును మోసికొని పోవు విధానం మీద అది ప్రసరించిన వెలుగు చిన్నది కాదు. ఆకుల పత్రహరితం ఒకే పదార్థం కాదనీ, పలు వర్ణకాల మిశ్రమమనీ ఈ పద్ధతి ద్వారానే గుర్తించారు.

ఇక ఆ ద్రాక్షాసవపు గ్లాసు కథ. స్టోక్స్ ప్రయోగంలో అది కేవలం వడపోత. ఒకటిన్నర శతాబ్దం తరువాత అదే పరీక్షింపబడే వస్తువైనది. జర్మనీలోని హైడెల్‌బెర్గ్ విశ్వవిద్యాలయంలో ఊవే బుంట్స్ అనే ఆచార్యుని బృందం ప్రతిదీప్తి గల పాలిమర్లతో 2016లో తెల్ల ద్రాక్షాసవాలను, 2017లో 30కి పైగా రకాల విస్కీలను ఒకదానినుండి ఒకటి వేరుపరచి చూపినది. పద్ధతి సూక్ష్మంగా ఇట్లున్నది. ప్రతిదీప్తితో వెలిగే కొన్ని పాలిమర్ల ద్రావణాలను చిన్న చిన్న గుంటలలో పోసి, ఒక్కొక్క దానిలో పరీక్షింపవలసిన పానీయపు చుక్కలు వేస్తారు. విస్కీ ఏండ్ల తరబడి ఓక్ కర్ర పీపాలలో నిలువ ఉండి ఆ కర్రనుండి రంగును, పలు పదార్థాలను పీల్చుకొంటుంది. ఆ పదార్థాలు ఒక పాలిమర్ వెలుగును బాగా తగ్గిస్తవి, ఇంకొకదానిని కొద్దిగా తగ్గిస్తవి, మరొకదానిని పెద్దగా కదిలించవు. ఏ గుంటలో వెలుగు ఎంత మారినదో కొలిచి అంకెలుగా పేర్చితే ఆ పానీయానికి ఒక జాతకచక్రం ఏర్పడుతుంది. రెండు సీసాల చక్రాలు సరిపోలితే రెండూ ఒకటే. సరిపోలకపోతే పైన అంటించిన చీటీ ఏమి చెప్పినా లోపలి సరుకు వేరు.

ఇందులో ఒక విశేషం గమనింపదగినది. ఈ పాలిమర్లలో ఏ ఒక్కటీ ఫలానా పదార్థాన్ని మాత్రమే పట్టుకొనేది కాదు. ఒక్కొక్కటి అరకొరగానే స్పందిస్తుంది. అన్నింటి సాక్ష్యం కలిపి చూచినప్పుడే నిజం తేలుతుంది. మన నాలుక, ముక్కు పనిచేయు తీరు కూడ ఇంచుమించు ఇట్టిదే. అయితే పరిమితి కూడ ఉన్నది. లోపల ఏ పదార్థం ఎంత ఉన్నదో ఈ పద్ధతి చెప్పదు. పోల్చుటకు నమ్మకమైన అసలు నమూనా చేతిలో ఉండవలెను. దీనిని బట్టి కల్తీ అంతా పట్టుబడునని చెప్పుట తొందరపాటు. ప్రత్యేకించి మిథైల్ ఆల్కహాలు కలిసిన కల్తీసారా త్రాగి చూపు కోల్పోయిన, ప్రాణాలు పోగొట్టుకొన్న అభాగ్యుల వార్తలు మన దేశంలో పదేపదే విన్నాము. మిథైల్, ఇథైల్ ఆల్కహాళ్ళు రెండూ చూపునకు నీళ్ళవలె ఉండేవే. మద్యాన్ని ముట్టనివారికి ఈ శాస్త్రమెందుకని అడిగే మిత్రులకు మా సమాధానమొకటే. మందుసీసా అయినా, తేనెసీసా అయినా, సారాసీసా అయినా, పై చీటీని నమ్మి మోసపోయేవాడు సామాన్యుడే.

స్టోక్స్ త్రోవకు మన దేశంతో, మన తెలుగునాటితో కూడ చిన్న బంధుత్వం ఉన్నది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సర్ సి.వి.రామన్ 1928లో కలకత్తాలో తన ప్రసిద్ధ పరిశోధన చేసినప్పుడు వాడినది ఈ జంట వడపోతల పద్ధతే. వచ్చే కాంతికి ఒక రంగు వడపోత, చెదరిన కాంతికి దానికి విరుద్ధమైన రంగు వడపోత. ద్రవాలలో కనిపించిన ఆ మందమైన వెలుగును రామన్ బృందం తొలుత బలహీనమైన ప్రతిదీప్తిగానే భావించినది. అది వేరొక ధర్మమని రామన్ నిరూపించారు. అయినా తరంగదైర్ఘ్యం పెరిగిన ఆ రేఖలను నేటికీ స్టోక్స్ రేఖలనే పిలుస్తున్నారు.

మాకు బాధ కలిగించిన సంగతి ఇక చెబుతాము. సూర్యుని వర్ణపటంలోని నల్లగీతలకు కారణమేమో స్టోక్స్ 1859కి ఎన్నో ఏండ్ల పూర్వమే ఊహించి, తన మిత్రుడైన విలియం థామ్సన్‌కు సంభాషణలో వివరించారు. తరువాత లార్డ్ కెల్విన్‌గా ప్రఖ్యాతి గాంచినది ఈ థామ్సనే. ఆయన గ్లాస్గోలో తన విద్యార్థులకు దానిని బోధించారు కూడ. స్టోక్స్ మాత్రం అచ్చువేయలేదు. 1859లో జర్మనీలో కిర్కాఫ్ దానిని స్వతంత్రంగా కనిపెట్టి నిరూపించగా కీర్తి ఆయనకు దక్కినది. మిత్రుని పక్షాన కెల్విన్ వాదనకు దిగితే, స్టోక్స్ స్వయంగా ముందుకు వచ్చి ఆ గౌరవం తనకు చెందదని, తాను అంతదూరం ఆలోచింపలేదని తేల్చి చెప్పారు. ఎవ్వరూ లాగుకొనని హక్కును తానై వదలుకొన్న మనిషి!

అంతే కాదు. 1854 నుండి 1885 వరకు 31 సంవత్సరాలు ఆయన రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్నారు. దేశమంతటినుండి వచ్చే పరిశోధన పత్రాలను చదివి, తప్పులు దిద్ది, రచయితలకు సలహాలిస్తూ వేలాది ఉత్తరాలు వ్రాశారు. ఇతరుల పత్రాలలో ఆయన ఆలోచనలు ఎన్ని కలిసిపోయినవో లెక్క తేల్చుట ఎవరికీ సాధ్యం కాదు. ఆయన చేతివ్రాత ఎంత గజిబిజిగా ఉండేదంటే, టైపుమిషన్ బయటకు రాగానే దానిని కొని వాడినవారిలో ఆయన ఒకరు. ఆ ఉత్తరాలు అందుకొన్నవారు ఎంత సంతోషించి ఉంటారో! ఇంతటి మేధావి గుమాస్తా పనిలో కాలం వ్యర్థం చేసుకొంటున్నారని నాటి మిత్రులు కొందరు వాపోయారు. మాలోనూ ఈ విషయమై చర్చ జరిగినది. 1864 ఉపన్యాసంలో చూపిన త్రోవలో ఆయనే మరి పదేండ్లు నడచి ఉంటే ప్రతిదీప్తి విశ్లేషణ ఎంత ముందుకు పోయేదోనని మాలో కొందరి వాదన. ఆయన దిద్దిపెట్టిన పత్రాలు లేకపోతే ఆనాటి విజ్ఞానశాస్త్రమే మరో తీరుగా ఉండేదని తక్కినవారి వాదన. మేము ఒక నిర్ణయానికి రాలేకపోయాము. నష్టం జరిగినదనే మాలో ఎక్కువమంది మొగ్గు.

కుటుంబ జీవితంలో ఆయనను గూర్చి చెప్పుకొనే ముచ్చట ఒకటున్నది. 1857లో అర్మా నగర ఖగోళశాస్త్రజ్ఞుడు రాబిన్సన్ కుమార్తె మేరీ సుసన్నాను వివాహమాడారు. పెండ్లికి ముందు ఆమెకు ఆయన వ్రాసిన ఉత్తరాలలో ఒకటి 55 పుటలట! గణితంలో తల మునకలై ఉండే తన వంటివాడు మంచి భర్త కాగలడా అన్న సందేహాలు అందులో విస్తారంగా వ్రాయగా, పెండ్లి ఆగిపోయేంత పని జరిగినది. ఒక గణిత సమస్యతో రాత్రి మూడు గంటలదాకా కుస్తీ పట్టిన విషయం కూడ ఆమెకు వ్రాసిన మరొక ఉత్తరంలో ఉన్నది. ఆ పెండ్లికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. ఆనాటి నిబంధనల ప్రకారం వివాహితులు ఫెలోలుగా ఉండరాదు గనుక పెంబ్రోక్ ఫెలోషిప్ పోయినది. నిబంధన మారిన పిమ్మట 1869లో తిరిగి లభించినది. ఇద్దరు ఆడబిడ్డలు పసితనంలోనే కన్నుమూశారు. ఆ దుఃఖాన్ని గూర్చి కూడ ఆయన పెద్దగా మాట్లాడిన దాఖలా లేదు.

పదవులు వాటంతట అవే వచ్చినవి. 1885 నుండి 1890 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షులు. 1887 నుండి 1892 వరకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పక్షాన పార్లమెంటు సభ్యులు. 1889లో బారోనెట్ బిరుదు. 1893లో కోప్లీ పతకం. ఆచార్యపీఠం, సొసైటీ అధ్యక్షత, పార్లమెంటు సభ్యత్వం – ఈ మూడూ న్యూటన్ తరువాత ఈయనకే దక్కినవి. పార్లమెంటులో కూడ ఆయన నోరు విప్పుట అరుదు. 1902లో పెంబ్రోక్ కళాశాల అధిపతిగా ఎన్నుకొన్నారు. కొద్ది నెలలకే, 1903 ఫిబ్రవరి 1న, ఎనుబది మూడవ యేట, కేంబ్రిడ్జిలోని లెన్స్‌ఫీల్డ్ గృహంలో ఆయన తుదిశ్వాస విడిచారు. అప్పటికి లూకేసియన్ ఆచార్యులుగా 54వ సంవత్సరం నడుస్తున్నది. మిల్ రోడ్ శ్మశానవాటికలో ఆయనను ఖననం చేశారు.

ఆ గృహం పేరు గల లెన్స్‌ఫీల్డ్ వీధిలోనే నేడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర శాఖ ఉన్నది. 2020లో ఆ శాఖకు మన దేశపు ఔషధ రసాయనజ్ఞుడు, ఆ విశ్వవిద్యాలయపు పూర్వవిద్యార్థి యూసుఫ్ హమీద్ పేరు పెట్టారు.